పట్టా ఒకటే, ప్రశ్నలు నాలుగు

మాదాపూర్‌లో పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును ఊహించుకోండి. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ చదివి వచ్చాడు. ఆ పట్టా నకిలీది కాదని ఆరా తీయించుకుని కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. కొన్నేళ్లకు పాఠాలు చెప్పాలన్న కోరిక పుట్టి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పోస్టుకో, విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకో దరఖాస్తు పెట్టబోతే అప్పుడు ఎదురవుతుంది ఆ ఒక్క వాక్యం: విదేశీ డిగ్రీ అయితే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ జతచేయాలి. లక్షల జీతం తెచ్చిపెట్టిన పట్టా సర్కారు గుమాస్తా ముందు నిరూపణ కావలసిన కాగితమైపోతుంది.

హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఐటీ కారిడార్‌లో విదేశీ పట్టాలకు కొదవ లేదు. వాటికి ‘గుర్తింపు’ ఉందా అన్న మాటా నిత్యం వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. పట్టా ఇచ్చిన సంస్థ అసలైనదేనా? ఆ పట్టా నిజంగా ఈ మనిషి సంపాదించిందేనా? ఇక్కడి చదువుల్లో అది ఏ మెట్టుకు సమానం? దాన్ని పట్టుకుని వృత్తి చేసుకునే హక్కు వస్తుందా? నాలుగింటికీ జవాబు చెప్పేవాళ్లు వేరు, చెప్పే పద్ధతి వేరు. విదేశీ చదువుల విషయంలో తెలుగు కుటుంబాలు పడిన కష్టాల్లో చాలావాటికి మూలం, ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు కూడా జవాబు అనుకోవడమే.

కంపెనీ చూసేదేమిటి?

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ కారిడార్‌లో ఉద్యోగాలు చాలావరకు ప్రైవేటు కొలువులే. విదేశీ డిగ్రీకి ప్రభుత్వ గుర్తింపు ఉండితీరాలని ప్రైవేటు కంపెనీని శాసించే చట్టం సాఫ్ట్‌వేర్ రంగంలో లేదు. కంపెనీ ఇంటర్వ్యూలో పనితనం చూసుకుంటుంది, ఆపైన రెండో ప్రశ్న ఒక్కటే అడుగుతుంది: పట్టా నీదేనా? దీనికోసమే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ఉద్యోగుల భాషలో బీజీవీ. అమెరికా డిగ్రీ అయితే వెరిఫికేషన్ ఏజెన్సీ ఎక్కువగా నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ద్వారా సరిచూస్తుంది. బ్రిటన్ డిగ్రీకి ‘హెడ్’ అనే డేటాచెక్ వ్యవస్థ ఉంది. ఇక్కడి డిగ్రీలకు డిజిలాకర్‌తో కలిసిన నేషనల్ అకడమిక్ డిపాజిటరీ వచ్చింది. నకిలీ పట్టాల ముఠాలు వరసగా పట్టుబడుతుండటంతో 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పట్టాలను ఆన్‌లైన్‌లో సరిచూసే సేవ మొదలుపెట్టింది.

బీజీవీలో ‘గ్రీన్’ వచ్చిందంటే పట్టా నకిలీది కాదని మాత్రమే అర్థం. అది భారతదేశంలో ఎమ్మెస్సీతో సమానమనీ కాదు, ఎంటెక్‌తో సమానమనీ కాదు. కారిడార్‌లో చాలామంది ఈ తేడా గమనించకుండానే ఉద్యోగజీవితం గడిపేస్తారు. గమనించాల్సిన అవసరమే రాదు.

మార్కెట్ ఇచ్చే గుర్తింపు ఎంత బలమైనదో చూడాలంటే గచ్చిబౌలి దాటనక్కర్లేదు. 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తన ఏడాది కోర్సుకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతి తీసుకోలేదు. అది ఇచ్చేది మన చట్టం లెక్కలో ఎంబీఏ డిగ్రీ కాదు. వార్టన్, కెలాగ్ వంటి విదేశీ బిజినెస్ స్కూళ్ల తోడ్పాటుతో పుట్టి, 2011లో ఏఏసీఎస్‌బీ అంతర్జాతీయ అక్రిడిటేషన్ పొందింది. అక్కడ చదివినవాళ్లను తీసుకోవడానికి కంపెనీలు పోటీపడతాయి. అదే కాగితంతో ‘గుర్తింపు పొందిన పీజీ డిగ్రీ’ కోరే సర్కారు కొలువుకు వెళ్తే మాత్రం చిక్కే. అంటే సమస్య విదేశీ పట్టాలదే కాదు. బజారు ఒప్పుకున్నదాన్నల్లా ప్రభుత్వం ఒప్పుకోదు, ప్రభుత్వం ఒప్పుకున్నదాన్నల్లా బజారు లెక్కచేయదు.

సమానత్వం తేల్చేదెవరు?

మూడో ప్రశ్న, అంటే ఏ మెట్టుకు ఏది సమానం అన్నది, మన దేశంలో వందేళ్ల నాటిది. 1924లో సిమ్లాలో జరిగిన వైస్‌చాన్స్‌లర్ల సమావేశం ఫలితంగా మరుసటి ఏడాది ఇంటర్ యూనివర్సిటీ బోర్డు ఏర్పడింది. అదే 1973లో భారతీయ విశ్వవిద్యాలయాల సంఘంగా, అంటే ఏఐయూగా మారింది. దేశంలోని విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీలను పరస్పరం ఒప్పుకోవడానికి పెట్టుకున్న సంఘమే క్రమంగా విదేశీ డిగ్రీల తూకం కూడా వేసింది. 1995లో కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో దానికి బలం చేకూర్చింది: ఏఐయూ సమానమన్న విదేశీ అర్హత కేంద్ర ఉద్యోగాలకూ చెల్లుతుంది, వేరే ఉత్తర్వు అక్కర్లేదు.

ఏఐయూ తూకంలో కాలవ్యవధికి చాలా బరువుండేది. అక్కడే బ్రిటన్ ఏడాది మాస్టర్స్ డిగ్రీకి ఏళ్లతరబడి పేచీ. మన పీజీ రెండేళ్లు, వాళ్లది ఒకటే ఏడాది. ఆ ఏడాదిలో ఎంత చదివారు, ఎన్ని క్రెడిట్లు, డిసర్టేషన్ ఉందా లేదా అన్నవి వెనక్కిపోయి క్యాలెండరే ముందుకొచ్చేది. 2022 జూలైలో భారత్, బ్రిటన్‌లు చేసుకున్న అవగాహన ఒప్పందంతో ఈ చిక్కు తీరింది. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం, ఫార్మసీ, ఆర్కిటెక్చర్ డిగ్రీలను మాత్రం ఒప్పందం బయటే ఉంచారు. అంతకుముందే 2018లో ఫ్రాన్స్‌తో, ఆ తర్వాత 2023 మార్చిలో ఆస్ట్రేలియాతో ఇలాంటి ఏర్పాట్లే కుదిరాయి.

అసలు మలుపు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. విదేశీ అర్హతల గుర్తింపు, సమానత్వంపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) సొంత నిబంధనలు ప్రకటించింది. ఈ నిబంధనల ప్రకారం దరఖాస్తు ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి, నిపుణుల స్థాయీ సంఘం పరిశీలిస్తుంది, నిర్ణయాన్ని పక్షాల లెక్కలో చెప్పాలే తప్ప నెలల లెక్కలో కాదు. తిరస్కరిస్తే పునఃసమీక్ష కోరే వీలుంది. సంస్థకు సొంత దేశంలో గుర్తింపు ఉండాలి, ప్రవేశార్హత ఇక్కడి కోర్సుతో పోల్చదగ్గదిగా ఉండాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో, అంటే పేరు ఒకరిది పాఠం ఇంకొకరిదిగా నడిచే కోర్సులకు సమానత్వం లేదు. విదేశీ విశ్వవిద్యాలయాలు యూజీసీ అనుమతితో ఇక్కడే పెట్టే క్యాంపస్‌ల డిగ్రీలకూ, 2022 నిబంధనల కింద నడిచే ట్విన్నింగ్, ఉమ్మడి డిగ్రీలకూ ఈ సర్టిఫికెట్ అవసరమే లేదు. అలాంటి క్యాంపస్‌లో చేరి విదేశీ విశ్వవిద్యాలయ పట్టా పొందిన విద్యార్థికి సమానత్వం బాధ లేదు. అదే విశ్వవిద్యాలయంలో చదవడానికి విదేశం దాకా వెళ్లిన విద్యార్థికే ఆ పని మిగిలింది.

ఈ మార్పు మంచిదే. కానీ మన రాష్ట్రాల్లో దాని పక్కనే ఒక వైరుధ్యం కూర్చుని ఉంది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పేరుతో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో బీసీ విద్యార్థులకూ తెలంగాణ ప్రభుత్వం విదేశీ పీజీకి ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. బ్రిటన్ కూడా ఆ దేశాల జాబితాలో ఉంది. ఖజానా నుంచి డబ్బిచ్చి పంపిన ప్రభుత్వమే, చదువు ముగించి వచ్చినవాడు కొలువుకు దరఖాస్తు పెడితే ఆ చదువు దేనికి సమానమో ఢిల్లీ నుంచి రాయించుకు రమ్మంటుంది. ఒక చేత్తో సంతకం పెట్టిన పట్టాను మరో చెయ్యి గుర్తుపట్టదు.

పదకొండో తరగతి నుంచే మొదలు

సమానత్వం బెడద పెద్ద డిగ్రీలతోనే అనుకుంటే పొరపాటు. కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల అంతర్జాతీయ పాఠశాలల్లో ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్ చదివే పిల్లలున్నారు. అమెరికాలో హైస్కూలు ముగించి తల్లిదండ్రులతో తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంజినీరింగ్ సీటుకు ఎప్‌సెట్ రాయాలంటే వీళ్లు తమ చదువు ఇంటర్మీడియట్‌కు సమానమని చూపించాలి. ఐబీ డిప్లొమాకు ఏఐయూ గుర్తింపు 1980ల నుంచే ఉన్నా, ‘గుర్తింపు ఉంది’ అన్నంత మాత్రాన సరిపోదు. ఏ సబ్జెక్టులు ఏ స్థాయిలో తీసుకున్నారన్నది కూడా ముఖ్యమే. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ లేని పట్టా ఎంత గొప్పదైనా ఎంపీసీకి సమానం కాదు. ఈ సంగతి పదో తరగతి తర్వాత సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే తెలియాలి, కౌన్సెలింగ్ నాడు కాదు.

తెల్లకోటు దగ్గర లెక్క వేరు

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా కఠినమైంది. వైద్యం, న్యాయవాదం, ఆర్కిటెక్చర్, ఫార్మసీ, నర్సింగ్ వంటి వృత్తులకు యూజీసీ తీర్పుతో పనిలేదు. వాటికి వేర్వేరు చట్టాలు, వేర్వేరు మండళ్లు ఉన్నాయి. విదేశీ లా డిగ్రీ తెచ్చుకున్న భారతీయుడు బార్ కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష గట్టెక్కాలి. ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టాలంటే 1972 నాటి చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఒప్పుకోవాలి.

వీటన్నిటిలో తెలుగు ఇళ్లను ఎక్కువగా తాకింది ఎంబీబీఎస్. ఇక్కడ ప్రభుత్వ సీటు రాక, ప్రైవేటు మేనేజ్‌మెంట్ సీటుకు స్తోమత చాలక, చైనా, రష్యా, ఉక్రెయిన్, కిర్గిజ్‌స్థాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ బాట పట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు. తిరిగొచ్చి వైద్యం చేయాలంటే 2002 నుంచి స్క్రీనింగ్ పరీక్ష తప్పనిసరి. ఎఫ్‌ఎంజీఈ పేరుతో ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షలో 300 ప్రశ్నలుంటాయి, 150 మార్కులు రావాలి. చాలా విడతల్లో పరీక్ష రాసినవాళ్లలో మూడోవంతు మంది కూడా గట్టెక్కలేదు. 2018 నుంచి విదేశంలో చేరడానికి ముందే నీట్ అర్హత కూడా ఉండాలి.

2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ కొత్త లైసెన్స్ నిబంధనలు తెచ్చింది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లిష్‌లో సాగాలి. చదివిన చోటే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఇక్కడికొచ్చాక మరో ఏడాది చేయాలి. ఇవన్నీ చేరిన పదేళ్లలోపు పూర్తికావాలి. ఈ లెక్క ఫిలిప్పీన్స్ విద్యార్థులకు నేరుగా తగిలింది. అక్కడ ముందు బీఎస్, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ. బీఎస్ వైద్యవిద్య కిందికి రాదని కమిషన్ తేల్చడంతో మిగిలింది 48 నెలలు. ఆరు నెలలు తక్కువ. ఏజెంటు మాత్రం మొత్తం ఆరేళ్లూ డాక్టరు చదువే అని చెప్పి పంపాడు. కరోనా కాలంలో ఆన్‌లైన్‌లో పాఠాలు విన్నవాళ్లు, ఉక్రెయిన్ యుద్ధంతో చదువు మధ్యలో వదిలి వచ్చినవాళ్లు అదనపు షరతుల్లో చిక్కుకున్నారు. కోఠిలోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యేదాకా విదేశీ ఎంబీబీఎస్ పట్టాకు గోడ మీద ఉండే విలువే.

ఈ కాఠిన్యాన్ని తప్పుపట్టలేం. రోగి ప్రాణం మీద ప్రయోగం చేయనివ్వకూడదు. తప్పుపట్టాల్సింది షరతులు తెలిసే వేళను. పిల్లవాడు విమానం ఎక్కకముందు తెలియాల్సింది తిరిగొచ్చాక తెలుస్తోంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పీజీ చేసి అక్కడ ప్రాక్టీసు చేసే అర్హత పొందినవాళ్లకు స్క్రీనింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉందన్నదీ చాలామందికి ఆలస్యంగానే తెలుస్తుంది.

మన పట్టా వాళ్ల త్రాసులో

మన ప్రభుత్వాన్ని మాత్రమే నిందిస్తే కథ సగమే చెప్పినట్టు. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోర్సు నేర్చి హెచ్-1బి మీద అమెరికా వెళ్లిన తరానికి ఈ త్రాసు రుచి బాగా తెలుసు. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లు, మన బీఎస్సీ, బీకాం మూడేళ్లు. హెచ్-1బి నిబంధనల్లో దీనికో సర్దుబాటు ఉంది: మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని ఏడాది కళాశాల చదువుగా లెక్కకడతారు. గ్రీన్‌కార్డు దగ్గర ఈ వెసులుబాటు అంత సులభంగా దొరకదు. అందుకే బీఎస్సీ తర్వాత మూడేళ్ల ఎంసీఏ చేసినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క మూడేళ్ల డిగ్రీతో వెళ్లినవాళ్లు లాయర్ల చుట్టూ తిరిగారు. ఈ తూకం వేసేది ప్రభుత్వ శాఖ కూడా కాదు. 1974లో న్యూయార్క్‌లో పుట్టిన డబ్ల్యూఈఎస్ లాంటి ప్రైవేటు మదింపు సంస్థలే. కెనడా పీఆర్ కోసం నేటికీ ఉస్మానియా, జేఎన్టీయూ పరీక్షల విభాగాల్లో సీల్డ్ కవర్ ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం వరస కడుతున్నది ఇలాంటి మదింపు కోసమే.

ఇంజినీర్ల విషయంలో ఇంకో పాఠం కువైట్ నేర్పింది. 2018లో అక్కడి ఇంజినీర్ల సంఘం ఆమోదం ఉంటేనే రెసిడెన్సీ పునరుద్ధరణ అన్నారు. ఆ ఆమోదానికి కొలబద్దగా, మన ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యతకు ముద్ర వేసే ఎన్‌బీఏ అక్రిడిటేషన్‌ను తీసుకున్నారు. ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న భారతీయ ఇంజినీర్లు, వారిలో తెలుగువారు కూడా, తాము చదివిన రోజుల్లో తమ కళాశాలకు లేని ముద్రను ఎక్కణ్ణుంచి తేవాలో తెలియక తల్లడిల్లారు. ఇంజినీరింగ్ చదువుల పరస్పర గుర్తింపుకు ఉన్న వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ పూర్తి సభ్యత్వం పొందింది 2014 జూన్‌లో. అదైనా ఎన్‌బీఏ టైర్-1 అక్రిడిటేషన్ ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాలలు సాధారణంగా టైర్-2లోకి వస్తాయి. ప్రకటన బోర్డు మీద ‘ఎన్‌బీఏ’ అన్న మూడక్షరాలు చూసి చేరే విద్యార్థికి ఈ తేడా చెప్పే కళాశాల అరుదు.

పేరు పెద్దది, సంస్థ బోగస్

ఇక మొదటి ప్రశ్న. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడి చేశారు. దాదాపు 1,500 మంది విద్యార్థులు వీధిన పడ్డారు, వారిలో ఎక్కువమంది తెలుగువారే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన బొమ్మలు చూసి ఇక్కడ ఇళ్లలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. 2014లో ఆ సంస్థ వ్యవస్థాపకురాలికి పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విశ్వవిద్యాలయాలకు వెళ్తున్న విద్యార్థులను శంషాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. ఆ రెండూ అప్పటికి అమెరికా ప్రభుత్వ అనుమతి ఉన్నవే. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విచిత్రం. అది మోసగాళ్లను పట్టడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి సంస్థ. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు.

‘ప్రభుత్వ జాబితాలో పేరుందా’ అని చూసుకుంటే చాలదని ఈ ఉదంతం చెప్పింది, ఎందుకంటే ఫార్మింగ్టన్ పేరు ఆ జాబితాలో ఉంది. అమెరికాలో సంస్థకు గుర్తింపునిచ్చేది అక్రిడిటేషన్ ఏజెన్సీ, ఆ ఏజెన్సీకి గుర్తింపునిచ్చేది విద్యాశాఖ. ఈ రెండో కొక్కెం ఊడితే మొదటిదీ ఊడుతుంది. ఏసీఐసీఎస్ అనే ఏజెన్సీ 2022 ఆగస్టులో విద్యాశాఖ గుర్తింపు కోల్పోయినప్పుడు అదే జరిగింది. దాని ఒక్క ముద్ర మీదే నడిచిన కళాశాలల విద్యార్థులకు చదువు ముగిశాక అక్కడ పనిచేయనిచ్చే స్టెమ్ ఓపీటీ పొడిగింపు దారి, అమెరికా మాస్టర్స్‌కు కేటాయించిన 20,000 హెచ్-1బి వీసాల దారి మూసుకుపోయాయి.

భారం ఎవరిమీద?

యూరప్‌లో ఈ చర్చ వేరే చోట నుంచి మొదలవుతుంది. 1997 నాటి లిస్బన్ ఒప్పందం ప్రకారం రెండు అర్హతల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉందని చూపించే భారం గుర్తింపునిచ్చే సంస్థదే. తేడా చూపించలేకపోతే గుర్తించాలి. 2019లో యునెస్కో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం కూడా ఈ బాటదే, అది 2023 మార్చిలో అమల్లోకి వచ్చింది. జర్మనీ ‘అనాబిన్’ పేరుతో దేశదేశాల విశ్వవిద్యాలయాలు, డిగ్రీల వివరాలను అందరూ చూసేలా పెట్టింది. హైదరాబాద్‌లో కూర్చుని తన కళాశాలకు అక్కడ విలువ ఉందో లేదో విద్యార్థి రూపాయి ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు.

మన దగ్గర నిరూపించుకునే బరువంతా దరఖాస్తుదారుడి భుజాల మీదే ఉంది. యూజీసీ 2025 నిబంధనలు వేగాన్ని పెంచాయి, అది నిజమైన మేలు. కానీ ఎంత వేగంగా చెప్పినా, ముప్పై లక్షల అప్పు చేసి చదువు ముగించాక చెప్పే జవాబు విద్యార్థికి శవపరీక్ష నివేదికే. ఒక విశ్వవిద్యాలయపు ఒక కోర్సుపై ఒకసారి ఇచ్చిన తీర్పును పేర్లు తీసేసి బహిరంగంగా ఉంచితే, అదే కోర్సులో చేరబోయేవాళ్లందరికీ అది ముందే దారి చూపుతుంది. ప్రతి ఒక్కరి దరఖాస్తునూ మొదటినుంచీ తవ్వే శ్రమ సంఘానికీ తప్పుతుంది. ఓవర్సీస్ విద్యానిధి మంజూరు పత్రం మీదే ఈ కోర్సు ఇక్కడ దేనికి సమానమో రాష్ట్ర ప్రభుత్వం రాసిస్తే, తాను పంపిన విద్యార్థినే తాను అనుమానించే పరిస్థితి పోతుంది. విదేశీ వైద్యవిద్య ఏజెంట్లు కోర్సు నెలల లెక్కను, లైసెన్స్ షరతులను తెలుగులో రాతపూర్వకంగా ఇచ్చితీరాలన్న నియమం పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదేమో.

అంతదాకా కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. కూకట్‌పల్లి కన్సల్టెన్సీలో కూర్చున్నప్పుడు ‘గుర్తింపు ఉందా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ‘ఉంది’ అన్న జవాబు ఎవరైనా చెప్పేస్తారు, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. ఎవరి గుర్తింపు, ఏ పనికి, ఎప్పటిదాకా అని విడదీసి అడగండి. అమెరికాలో కంపెనీ ఉద్యోగమే లక్ష్యమైతే అక్రిడిటేషన్ ఏజెన్సీ పేరు, దానికి అక్కడి విద్యాశాఖ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ అధ్యాపకుడు కావాలనుకుంటే యూజీసీ నిబంధనలు చదవాలి. స్టెతస్కోపు పట్టాలనుకుంటే 54 నెలల లెక్క వేసుకోవాలి. ఇరవై రెండేళ్ల కుర్రాడికి నలభయ్యో ఏట ఏం కావాలనిపిస్తుందో తెలియదు కాబట్టి, ఖర్చు ఎంతో కనుక్కునే రోజే నాలుగు జవాబులూ కనుక్కోవాలి. ఫీజు కట్టక ముందు వీటిలో ఏ ఒక్కదానికైనా ‘కాదు’ అన్న జవాబు వస్తే మరో కళాశాల వెతుక్కోవచ్చు. కట్టిన తర్వాత అదే జవాబు వస్తే మిగిలేది బ్యాంకు వాయిదా ఒక్కటే.